రెండు స్పీకర్లు చాలా, ఐదు కావాలా?

ప్రశ్న: మా హాలు 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. సోఫా వెనక గోడకి ఆనుకునే ఉంటుంది. పగలు ఘంటసాల పాటలు, రాత్రి ఓటీటీలో సినిమాలు. 6 ఓమ్‌ల బుక్‌షెల్ఫ్ స్పీకర్లు రెండున్నాయి. కొట్టువాళ్లు 7.2 రిసీవర్ (ఏడు స్పీకర్లు, బేస్ కోసం రెండు సబ్‌వూఫర్లకి వీలున్న ఆంప్లిఫయర్ డబ్బా) తీసుకోమంటున్నారు. తీసుకోమంటారా? – గుంటూరు పాఠకుడు

జవాబు: సోఫా అక్కడే ఉంటే 7.2 దండగ. అందులో అదనంగా వచ్చే రెండు స్పీకర్లూ మీ వీపు వెనక ఉండాలి, మీకక్కడ గోడే ఉంది. మీకు 5.1 రిసీవర్ (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) చాలు. దానికి కావలసిన స్పీకర్లన్నీ ఒక్కసారే కొనక్కర్లేదు.

ముందు ఉన్న రెండు స్పీకర్లనే సరిగ్గా పెట్టండి. వాటి మధ్య 7 అడుగులుంటే, మీరూ ఒక్కోదానికీ అంతే దూరంలో కూర్చోవాలి. అప్పుడు గాయకుడి గొంతు నట్టనడుమ నుంచి వస్తుంది. అలా రాకుండా బేస్ పలచగా ఉంటే ఒక స్పీకర్‌కి ఎరుపు, నలుపు తీగలు తారుమారైనట్టే. 1950, 60ల నాటి పాటలు చాలావరకు మోనో (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం) కాబట్టి వాటికి రిసీవర్‌లో ‘స్టీరియో’ లేదా ‘డైరెక్ట్’ పెట్టండి. సరౌండ్ మోడ్‌లో పెడితే పాటంతా నడుమ ఉండే సెంటర్ స్పీకర్‌లోకే పోయి ఇరుకుగా వినిపిస్తుంది.

సినిమా సంగతి వేరు. నలుగురు కూర్చున్నప్పుడు చివర ఉన్నవాళ్లకి మాటలు పక్క స్పీకర్ నుంచే వస్తాయి. సెంటర్ స్పీకర్ ఉన్నది అందుకే. రిసీవర్ తరవాత ముందు అదే కొనండి, వీలైతే మీ స్పీకర్ల కంపెనీదే, అదే సిరీస్‌ది. తరవాత సబ్‌వూఫర్. సరౌండ్లు (పక్కల నుంచి వినిపించే స్పీకర్లు) ఆఖరికి, అవీ సోఫాకి అటూ ఇటూ పక్క గోడలకి, చెవి కన్నా అడుగు, రెండడుగుల ఎత్తులో.

సెంటర్ కొనేదాకా రిసీవర్ మెనూలో సెంటర్‌కి ‘నన్’ (లేదు) అని పెట్టడం మరవకండి. లేకపోతే సంగీతం మోగుతుంది, మాటలు మాత్రం లేని స్పీకర్‌కి పోతాయి. రిసీవర్ పాడైందనుకుని సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లేది ఇలాంటప్పుడే!

డబ్బా మీది వాట్లు చూసి మోసపోవద్దు. 8 ఓమ్‌లు, 20 నుంచి 20,000 హెర్ట్జ్, రెండు ఛానళ్లు (అంటే రెండు స్పీకర్లు) నడుస్తుండగా ఎంత అన్నదే అసలు లెక్క. ఒకే రిసీవర్ ఈ లెక్కలో 80 వాట్లు, ‘6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, ఒక ఛానల్’ లెక్కలో 140 చూపించడం మామూలే. నిజానికి 80కీ 100కీ చెవికి తెలిసే తేడా ఒక్క డెసిబెల్. మీ స్పీకర్లు 6 ఓమ్‌లవి (ఓమ్ అంటే కరెంటుకి అవి ఇచ్చే అడ్డు కొలత) కాబట్టి రిసీవర్ మాన్యువల్‌లో 6 ఓమ్‌లకి అనుమతి ఉందో లేదో మాత్రం చూసుకోండి.

మైక్‌తో కాలిబ్రేషన్ (రిసీవర్ మీ గదికి తగ్గట్టు శబ్దాన్ని సరిచేసుకోవడం) చేసేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపండి. మైక్‌ని చేత్తో పట్టుకోకుండా చెవి ఎత్తులో స్టాండ్ మీద పెట్టండి. సబ్‌వూఫర్ వచ్చాక మెనూలో స్పీకర్లన్నీ ‘స్మాల్’, క్రాసోవర్ 80 హెర్ట్జ్ అని పెట్టండి, అంతకన్నా కింది బేస్ సబ్‌వూఫర్‌కి పోతుంది. రిసీవర్ ఎక్కువసార్లు ముందు స్పీకర్లని ‘లార్జ్’ అని తేల్చేస్తుంది, మీరే మార్చుకోవాలి.

ప్రశ్న: టీవీ యాప్‌లో ‘డాల్బీ అట్మాస్’ (పైనుంచి కూడా వినిపించే సరౌండ్ శబ్దం) అని ఉంది. మా అట్మాస్ రిసీవర్ మాత్రం ‘స్టీరియో’ అనే చూపిస్తోంది. – కరీంనగర్

జవాబు: టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్ ‘పీసీఎం’ (టీవీయే శబ్దాన్ని విప్పి స్టీరియోగా పంపడం) మీద ఉండుంటుంది. దాన్ని ‘ఆటో’ లేదా ‘పాస్‌త్రూ’కి మార్చండి. కేబుల్ రెండు వైపులా ‘ఏఆర్‌సీ’ (టీవీ శబ్దాన్ని రిసీవర్‌కి పంపేది) అని రాసిన హెచ్‌డీఎమ్ఐ రంధ్రాల్లోనే ఉండాలి. ఓటీటీ అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్ అనే కుదించిన రూపంలో వస్తుంది కాబట్టి మామూలు ఏఆర్‌సీ చాలు. బ్లూరే ప్లేయర్‌ని టీవీకి కలిపి అక్కణ్ణుంచి ట్రూహెచ్‌డీ (డిస్కులోని నాణ్యత తగ్గని శబ్దం) పంపాలంటేనే ఈ-ఏఆర్‌సీ (ఏఆర్‌సీలో మెరుగైన రకం) కావాలి. ప్లేయర్‌ని నేరుగా రిసీవర్‌కే కలిపితే ఆ గొడవే లేదు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో వాడిన రిసీవర్ తెస్తానంటున్నాడు. – రాజమండ్రి

జవాబు: తెచ్చే ముందు వెనకవైపు పవర్ తీగ దగ్గర ఏం రాసుందో ఫొటో పంపమనండి. అక్కడ అమ్మేవి మామూలుగా 120 వోల్టులవి. అలాంటిదాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే పవర్ సప్లై కాలిపోతుంది. 230ని 120కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడొచ్చు. రిసీవర్ వెనక 500 వాట్లని ఉంటే 1000 వీఏ (ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం కొలత) ఉన్నది తీసుకోండి. మన కరెంటు 60 హెర్ట్జ్ కాదు, 50. అందువల్ల అది అక్కడికన్నా కాస్త ఎక్కువే వేడెక్కుతుంది. అద్దాల షోకేసులో మూసి పెట్టకుండా పైన అరడుగు ఖాళీ వదలండి.