డిక్కీ తెరవమంటే తెరవాల్సిందేనా?

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. మొన్న రాత్రి స్పీడుగా వెళ్తున్నాడని పోలీసు కారు ఆపి, టికెట్ రాసిచ్చాక, డిక్కీ చూడొచ్చా అని అడిగాడట. వీడు టెన్షన్‌తో సరే అన్నాడు. ఏమీ దొరకలేదు, వదిలేశారు. వద్దంటే వీసాకి ఇబ్బందయ్యేదా? స్టూడెంట్ వీసా వాళ్లకి అక్కడి రాజ్యాంగం అండగా ఉంటుందా? - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఉంటుందండీ. సరైన కారణం లేకుండా మనిషినీ, ఇంటినీ, వస్తువుల్నీ ప్రభుత్వం సోదా చెయ్యకూడదని చెప్పే నాలుగో సవరణని అమెరికా రాజ్యాంగానికి 1791లో చేర్చారు. అది సిటిజన్లకే పరిమితం కాదు, మీ అబ్బాయికీ వర్తిస్తుంది. బ్రిటిష్ పాలనలో బోస్టన్ కస్టమ్స్ అధికారులు ఒక్క కాగితం చేత పట్టుకుని అనుమానం వచ్చిన ఇంట్లోకల్లా చొరబడేవాళ్లు, ఆ కడుపుమంటలోంచి వచ్చిందే ఇది. వారంటు కావాలంటే ఎక్కడ, దేనికోసం వెతుకుతారో ప్రమాణం చేసి మరీ చెప్పాలి.

అయితే మనవాడు సరే అన్నాడు చూశారా, అక్కడే పోయింది. ఒప్పుకున్నాక వారంటూ అక్కర్లేదు, కారణమూ అక్కర్లేదు. పైగా కాదనే హక్కు ఉందని పోలీసు ముందుగా చెప్పాల్సిన పని కూడా లేదని 1973లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. నాకు ఈ తీర్పు ఇప్పటికీ మింగుడుపడదు. అర్ధరాత్రి రోడ్డు పక్కన, వెనక ఎర్రనీలి లైట్లు తిరుగుతుంటే, పరాయి దేశంలో ఒంటరిగా ఉన్న కుర్రాడు అనే ‘సరే’ మనస్ఫూర్తిగా అన్నట్టేనా?

ఇంకోసారి అడిగితే లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితాలు ఇచ్చి, చేతులు స్టీరింగు మీదే ఉంచి, ‘ఐ డోంట్ కన్సెంట్ టు ఎ సెర్చ్’ అని నెమ్మదిగా చెప్పమనండి. అలా అనడం నేరం కాదు, అనుమానించడానికి ఆధారమూ కాదు. టికెట్ పని అయిపోయాక, వేరే అనుమానమేదీ లేకుండా, పోలీసు కుక్క వచ్చేదాకా ఆపి ఉంచడం కుదరదని 2015లో తీర్పు కూడా ఉంది. అయినా వెతికితే మాత్రం అడ్డుపడొద్దు. గట్టి కారణం ఉంటే కారుని వారంటు లేకుండా సోదా చెయ్యొచ్చని 1925 నుంచీ ఉంది, ఆ కారణం నిజంగా ఉందో లేదో తేలేది కోర్టులోనే. అక్రమంగా వెతికితే దొరికింది సాధారణంగా సాక్ష్యంగా చెల్లదు.

మన పిల్లలు నలుగురైదుగురు కలిసి అపార్టుమెంటు తీసుకుంటారు కదా, అందులో ఒకడు రమ్మంటే పోలీసులు హాల్లోకి రావచ్చు. గుమ్మం దగ్గరే ఉన్న ఇంకొకడు వద్దంటే మాత్రం ఆ మొదటివాడి మాట పట్టుకుని లోపలికి రాకూడదు (2006 తీర్పు). అరెస్టు చేసినా ఫోన్‌లో వెతకడానికి వారంటు కావాలి, ఇది 2014 నాటిది.

ఎయిర్‌పోర్టు ఇమిగ్రేషన్ దగ్గర మాత్రం ఈ ధైర్యం పనికిరాదు. అక్కడ వారంటు లేకుండానే ఫోన్ తీసుకుని చూస్తారు, వీసా మీద వచ్చినవాడు పాస్‌వర్డ్ చెప్పనంటే వెనక్కి పంపినా పంపొచ్చు. సెలవులకి వచ్చి వెళ్లేటప్పుడు ఈ తేడా అతనికి తప్పకుండా చెప్పండి.