కర్ర పెండలం పిండి పొరను నమ్ముకుంటే కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: మాది పెద్దాపురం దగ్గర ఊరు, చెన్నై తాంబరంలో స్థిరపడ్డాం. మా అబ్బాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టులో కర్ర పెండలం పిండితో ప్లాస్టిక్ కవరు లాంటి పొర తయారు చేశాడు. అప్పటి నుంచి డిగ్రీ అవగానే ఇదే కంపెనీ పెడతానంటున్నాడు. ఊళ్లో మా అన్నయ్యకు కర్ర పెండలంతో సగ్గుబియ్యం చేసే మిల్లు ఉంది, పెట్టుబడికి ఆయన సిద్ధం. మావారేమో ఎంబీఏ చేయాల్సిందే అంటున్నారు. ఇంట్లో రోజూ టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ అన్నయ్యగారి డబ్బు ఆపండి. అబ్బాయిని మాత్రం ఆపకండి.

మీవాడు ల్యాబ్‌లో చేసింది దాదాపు సగ్గుబియ్యం వడియాలు పెట్టడం లాంటిదే. పిండిని నీళ్లలో కలిపి వేడి చేస్తే 60, 70 డిగ్రీలు దాటేసరికి రేణువులు ఉబ్బి గంజి అవుతుంది. పళ్లెంలో పోసి ఆరబెడితే పొర లేస్తుంది. వడియంలా పుటుక్కున విరగకుండా అందులో గ్లిజరిన్ కలుపుతారు, పిండి బరువులో 20 నుంచి 30 శాతం వరకూ. తంటా అంతా అక్కడే. గ్లిజరిన్ తగ్గితే పెళుసు, పెరిగితే తేమ పీల్చి జిగురు. పైగా రోజులు గడిచేకొద్దీ పిండి అణువులు మళ్లీ దగ్గరకు చేరి వరుస కడతాయి, పొర బిరుసెక్కుతుంది. నవంబరు వానల్లో ఆ పొరను ఓ వారం మీ బాల్కనీలో వేలాడదీయమనండి. దాని అవతారం చూసి నీరుగారిపోతాడా, ఎందుకిలా అయిందని నోట్‌బుక్ తీస్తాడా అన్నది మీరూ గమనించండి. నా దగ్గరికి వచ్చే పిల్లల్ని మార్కుల కంటే ఇలాంటి వాటితోనే అంచనా వేస్తాను.

బజారులో దొరికే కంపోస్టబుల్ సంచి, అంటే ఎరువులా కుళ్లిపోయే సంచి, ఉత్త పిండితో చేసింది కాదు. పిండి, గ్లిజరిన్ కలిపి ఎక్స్‌ట్రూడర్ అనే జంట స్క్రూల మెషీన్‌లో కరిగించి, పీబీఏటీ, పీఎల్ఏ లాంటి కుళ్లిపోయే ప్లాస్టిక్ పాలిమర్లు జోడించి గుళికలు చేస్తారు. వాటిని బ్లోన్ ఫిల్మ్ మెషీన్ మీద బుడగలా ఊది ఫిల్మ్, అంటే పల్చటి పొర, తయారు చేస్తారు. అమ్మాలంటే ఐఎస్ 17088 అనే భారతీయ ప్రమాణానికి తగ్గట్టు పరీక్షలు నెగ్గాలి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ కావాలి. 58 డిగ్రీల కంపోస్టులో 180 రోజుల్లోపు ఆ ఫిల్మ్‌లోని కార్బన్ 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలన్నది ఆ పరీక్షల్లో ఒకటి. అంటే ఒక్క పరీక్షకే నెలలు పట్టవచ్చు, ఆ నెలలన్నీ అద్దె, జీతాలు నడుస్తూనే ఉంటాయి. తమిళనాడులో 2019 నుంచి, దేశమంతా 2022 జులై నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు చాలావాటిపై నిషేధం ఉంది కాబట్టి అడిగేవాళ్లు ఉన్నారు. అయితే మామూలు పాలిథీన్ ధర చూశాక వాళ్లలో చాలామంది వెనక్కి తగ్గుతారు.

అందుకే ముందు మెషీన్ నేర్చుకోవాలి. దానికి మీరు ఊరు దాటక్కర్లేదు, 1968లో మొదలైన సిపెట్, ప్లాస్టిక్ సాంకేతికత నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ, గిండీలోనే ఉంది. బీఎస్సీ చేసినవాళ్లకు ప్లాస్టిక్స్ ప్రాసెసింగ్, టెస్టింగ్‌లో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. నా మొగ్గు దీనికే. రేపు పిండి ఫిల్మ్ వ్యాపారం సాగకపోయినా, ఎక్స్‌ట్రూడర్ నడపడం, ఫిల్మ్‌ను పరీక్షించడం వచ్చినవాడికి అంబత్తూరు, శ్రీపెరంబుదూరు వైపు పని వెతుక్కునే వీలుంటుంది. మొదటి జీతం మాత్రం సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుడి జీతం పక్కన చిన్నగా కనిపించవచ్చు. ఆ సంగతి మీవారికి ఇప్పుడే చెప్పి ఉంచండి.

పరిశోధన మీద మనసుంటే లెక్క వేరు. ఎమ్మెస్సీ చేసి గేట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి, అందులో ఎక్స్‌ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్) పేపర్లో పాలిమర్ సైన్స్ సెక్షన్ ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయం గిండీ ప్రాంగణంలో పాలిమర్ సైన్స్ విభాగం ఉంది, ఒకసారి వెళ్లి అక్కడి విద్యార్థులతో మాట్లాడమనండి. తినే పదార్థాల ప్యాకింగ్ వైపు ఆసక్తి ఉంటే మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో ఎమ్మెస్సీ ఫుడ్ టెక్నాలజీ.

మిల్లు ఉండటం మాత్రం నిజంగా అదృష్టమే. ఈ సెలవుల్లో అతన్ని అక్కడికి పంపండి. పిండిలో తేమ ఎంత ఉంటోంది, లోడుకూ లోడుకూ తేడా ఎంత, పిండి తీశాక మిగిలే పిప్పి ఎటు పోతోంది, కిలో ఎంతకు పడుతోంది, ఇవన్నీ రాసుకుని రమ్మనండి. మీ అన్నయ్యగారికి సాయం చేయాలని అంత ఉంటే కోర్సు ఫీజు కట్టమనండి. ఫ్యాక్టరీ పెట్టుబడి మాట, అబ్బాయి ఏదైనా ఫిల్మ్ యూనిట్‌లో రెండు మూడేళ్లు పనిచేసి వచ్చాక ఎత్తుకోవచ్చు.

ఎంబీఏ గురించి మీవారు అంటున్నది తప్పని అనను. ఫ్యాక్టరీలో రెండు మూడేళ్లు చేశాక చదివితే దానికి విలువ ఎక్కువ, అప్పటికి ధరలు, కొనేవాళ్లు అతనికి తెలిసుంటారు. ఈలోగా సిపెట్ నోటిఫికేషన్ కోసం వాళ్ల వెబ్‌సైట్ చూస్తూ ఉండండి, ఏటా వేసవిలోపే వస్తుంది. ఆఖరి సంవత్సరం వాళ్లూ దరఖాస్తు చేసుకోవచ్చు, ఫలితాలు వచ్చేదాకా ఆగకండి.