ముందు నేలమాళిగ మెట్లు దిగు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలోని మిస్సౌరి రాష్ట్రంలో వైన్ తీసే హెర్మన్ ఊరి మీద నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. వాక్యం నడక బాగుంది. కానీ మొదటి పేరాలోనే "1847 నుంచి నేటిదాకా నిరంతరాయంగా వైన్ తీస్తున్న స్టోన్ హిల్" అని రాశావు. అది తప్పు. 1920లో అమెరికాలో మద్యనిషేధం వచ్చి స్టోన్ హిల్ వైనరీ, అంటే వైన్ తయారుచేసే ఆ చోటు, మూతపడింది. 1965లో హెల్డ్ దంపతులు మళ్ళీ తెరిచేదాకా 45 ఏళ్ళు అక్కడ వైన్ లేదు. ఆ రాతి నేలమాళిగల్లో పుట్టగొడుగులు పెంచారు. అంతకుముందు, పంతొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి, ఆ కొండ మీద నుంచి ఏటా 12.5 లక్షల గ్యాలన్ల వైన్, అంటే దాదాపు 47 లక్షల లీటర్లు, బయటికి వెళ్ళేది. ఇంత పెద్ద కట్టడం పుట్టగొడుగుల పాలైందంటే ఊరికి ఏం జరిగిందో పాఠకుడికి నువ్వు వివరించనక్కర్లేదు. ఆ 45 ఏళ్ళను దాచేస్తే మాత్రం నీ వ్యాసానికీ గోడ మీది ప్రకటనకీ తేడా ఉండదు.

ఇలాంటి చోట్ల "కుటుంబం చేతిలోనే ఉంది", "ఆగకుండా నడిచింది" అనే రెండు మాటలు కలిసిపోతుంటాయి. హెర్మన్ దగ్గరి ఆడమ్ పుక్టా వైనరీ 1855 నుంచి ఒకే కుటుంబానిది. అయినా నిషేధంతో ఆగి, మళ్ళీ 1990లో మొదలైంది. స్థాపించిన ఏడు, ఆగిన ఏడు, మళ్ళీ తెరిచిన ఏడు: ఏ వైనరీకి వెళ్ళినా ఈ మూడూ అడిగి రాసుకో.

నువ్వు గ్లాసుతో మొదలుపెట్టావు. నేలమాళిగతో మొదలుపెట్టు. రాతి కమానుల పైన మట్టి మందంగా ఉండటం వల్ల లోపల ఏడాది పొడవునా చల్లదనం దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ చల్లదనం, తేమ, చీకటి కోసమే దాన్ని తవ్వారు. పుట్టగొడుగులకు కావలసినవీ అవే. ఈ ఒక్క సంగతి తెలిస్తే పై కథంతా దానంతటదే అర్థమవుతుంది. పీపా చెక్కలోంచి వైన్ కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. ఖాళీ అయిన చోట గాలి చేరితే వైన్ వెనిగర్ అయిపోతుంది. అందుకే పీపాను ఎప్పటికప్పుడు అంచుదాకా నింపాలి. ఎన్నాళ్ళకోసారి నింపుతారని చూపించేవాళ్ళను అడుగు. అప్పుడు వాళ్ళు బట్టీపట్టిన మాటలు వదిలి తమ పని గురించి చెప్పడం మొదలుపెడతారు.

ఊరి పుట్టుక నీ ప్రతిలో రెండు వాక్యాల్లో ముగిసింది. ఇంకొంచెం చెప్పు. 1836లో ఫిలడెల్ఫియాలో జర్మన్లు ఒక వలస సంఘం పెట్టి, మిస్సౌరి నది ఒడ్డున భూమి కొన్నారు. 1837 డిసెంబరులో మొదటి జట్టు చేరింది. వీధుల పటం ఫిలడెల్ఫియాలోనే గీశారు, కొండలూ లోయలూ అందులో లేవు. వచ్చి చూస్తే ధాన్యపు సాగుకు లొంగని నిట్టనిలువు నేల. ఆ వాలు మీద అడవి ద్రాక్ష మాత్రం బాగా అల్లుకుని ఉంది. తర్వాత ద్రాక్ష వేస్తామన్నవాళ్ళకు ఊరే ఖాళీ స్థలాలను తేలిక వాయిదాల మీద అమ్మింది. హెర్మన్‌లోని మార్కెట్ స్ట్రీట్ ఎందుకంత వెడల్పో చెప్పేటప్పుడు ఈ పటం సంగతి చెప్పు.

"నార్టన్ ద్రాక్ష వేళ్ళే ఫ్రాన్సు ద్రాక్షతోటల్ని కాపాడాయి" అన్న వాక్యం కొట్టెయ్. ద్రాక్ష వేళ్ళ రసం పీల్చే వేరుపేను తెగులుకు తట్టుకోవడానికి యూరపు తీగల్ని అమెరికా వేళ్ళ మీద అంటు కట్టారు, నిజమే. మిస్సౌరి నుంచి ఆ వేరుమొక్కలు పెద్ద ఎత్తున వెళ్ళాయి, అదీ నిజమే. హెర్మన్‌లో పెరిగిన జార్జ్ హుస్మన్ ఆ పనిలో ముఖ్యుడు. కానీ అంటుకు బాగా పనికొచ్చినవి నదీతీరాల్లో, రాతినేలల్లో పెరిగే వేరే అడవి జాతులు. నార్టన్ కొమ్మ నాటితే సులువుగా వేరు పట్టదు. అది వైన్ కోసం పెంచే ద్రాక్ష, 2003 నుంచి మిస్సౌరి రాష్ట్ర ద్రాక్ష.

ఇక రుచి. "అద్భుతం", "మధురం" నీ ప్రతిలో తొమ్మిదిసార్లు వచ్చాయి. నాలుక మీది రుచులకు మనకు మంచి మాటలున్నాయి, అవి వాడు. నార్టన్‌లో ముందు పచ్చి ఆపిల్ లాంటి పులుపు, వెనకాల నేరేడుపండు వగరు. కటాబా, కాంకర్డ్ అనే అమెరికా ద్రాక్షల వాసన చెప్పాలంటే బెంగళూరు బ్లూ నల్లద్రాక్షను గుర్తుచెయ్. తొక్క జారి గుజ్జు ముద్దగా నోట్లో పడే ఆ పండు మనవాళ్ళంతా తిన్నదే, దాని వాసనకు మూలం కూడా ఈ అమెరికా జాతే.

రుచి చూసే వరుస తప్పితే రాసేదీ తప్పుతుంది. తీపి లేని తెల్లవి, తర్వాత తీపి లేని ఎర్రవి, చివర్న తీపివి. తీపి ముందు తాగితే నార్టన్ ఉన్నదానికన్నా పుల్లగా అనిపిస్తుంది. ఒక్కో రుచికి 30 మిల్లీలీటర్లు పోస్తారనుకో. ఆరు రుచులకు 180, మూడు వైనరీలకు 540. సీసాలో ఉండేదే 750. మూడోచోట నువ్వు రాసుకున్నది మర్నాడు నీకే అర్థం కాదు. అందుకే ఉమ్మడానికి పెట్టిన పాత్ర వాడు, అక్కడ ఎవరూ తప్పు పట్టరు. రోజుకు రెండు వైనరీలు చాలు.

సెయింట్ లూయిస్ నుంచి ఆమ్‌ట్రాక్ రైలు హెర్మన్‌లో ఆగుతుంది, కారు నడపాల్సిన పని ఉండదు. అక్టోబరు వారాంతాల్లో ఉత్సవపు రద్దీ, ఎవరూ నీతో తీరిగ్గా మాట్లాడలేరు. మామూలు రోజున వెళ్ళు. 21 ఏళ్ళు నిండినట్టు పాస్‌పోర్టు దగ్గరుంచుకో. పొద్దున్నే డాయిచ్‌హైమ్ చారిత్రక స్థలం చూడు. అక్కడి స్ట్రేలీ ఇంటివాళ్ళు వైన్ తీశారు, జర్మన్ పత్రికా నడిపారు. ఈ ఊరికి అక్షరమూ ద్రాక్షా కలిసే వచ్చాయని ఆ ఇల్లు చూస్తే తెలుస్తుంది. నేలమాళిగకు శాలువా తీసుకెళ్ళు. వేసవిలో అక్కడి నుంచి బయటికొచ్చాక చల్లబడ్డ కెమెరా అద్దం మీద ఆవిరి పడుతుంది. పది నిమిషాలు ఆగి ఫొటో తియ్.

రెండో ప్రతిలో ఆ 45 ఏళ్ళకు ఒక పేరా కేటాయించి పంపు.

ఆశీస్సులతో.