అల్లుడా, ముందు స్విచ్ ఆపు

అల్లుడా,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. "నీ అల్లుడు కంప్యూటర్ సొంతంగ కట్టిండు, ఫ్యాన్లు తిరుగుతున్నయి, లైట్లు బతుకమ్మ పండుగ లెక్క వెలుగుతున్నయి, టీవీల మాత్రం బొమ్మ వస్తలేదు, పొద్దటిసంది బువ్వ ముడ్తలేడు" అన్నది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ల దుకాణం దుకాణం తిరిగి, ధరలు మాట్లాడి, హాలియకు మోసుకొచ్చి నీ చేతుల్తోనే బిగించినవంటే నాకు మస్తు సంబరమైంది. నల్లగొండల మామ ఇదే పని చేసి బతుకుతుంటే ఒక్క మాట అడగకపోతివని కోపం గూడ వచ్చింది. కోపం సంగతి తర్వాత చూసుకుందాం.

ఫోన్ పెట్టేముందు అక్క ఇంకో మాటన్నది. టీవీకి బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డుకు వైరు చాలకపోతే అటక మీది పాత సంచిలకెల్లి ఒక కేబుల్ తీసినవట. నాకు నిద్ర పట్టలే. ఈ ఉత్తరం అందుకే రాస్తున్న. మిగతాది తర్వాత చదువు, ముందు గోడకాడ స్విచ్ ఆపి ఆ కేబుల్ పీకెయ్.

ఆ సంచిలవి ఎక్కడివో నీకు తెల్వదు. మీ నాయన ఫోటో స్టూడియో నడిపిన కాలం నాటివి. పెండ్లిండ్ల సీజన్ల బావ రాత్రంత కంప్యూటర్ ముందర కూసోని ఆల్బములు చేసెటోడు. ఒకసారి నడి సీజన్ల కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ పోయింది. నాకు ఫోన్ చేస్తే రేపు పొద్దున వస్తనన్న. బావకు రేపటిదాక ఆగే గుణం ఎక్కడిది? కొత్తది తెచ్చిండు. పాతది, కొత్తది రెండూ కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే రకాలే. పాత కేబుళ్లు డబ్బా వెనకాల తీరుగ కట్టి ఉన్నయి, మల్ల అవన్నీ విప్పుడెందుకని వాటి కొసలే కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు గుచ్చిండు. దూరినయి. స్విచ్ వేసిండు. టప్పుమన్నది, కాలిన వాసన వచ్చింది, రెండు హార్డ్‌డిస్కులు ఒక్కసారే ఆగిపోయినయి.

ఎందుకంటవా? కేబుల్‌కు హార్డ్‌డిస్క్ దిక్కు ఉండే కొస ఎవలు చేసినా ఒక్కతీరే. ఎస్‌ఎంపీఎస్ దిక్కు ఉండే కొసకు గసోంటి కట్టుబాటు లేదు. ఏ పిన్నుకు ఏ వోల్టేజి ఇయ్యాల్నో ఎవలిష్టం వాళ్లది, ఒకే కంపెనీల మోడల్ మారినా మారొచ్చు. కొస ఆకారం ఒక్కటే, లోపలి లెక్క వేరు. 5 వోల్టులు పోవాల్సిన తీగెల 12 పోయినయి.

అండ్ల మిర్యాలగూడ రైసుమిల్లు సేటు బిడ్డ పెండ్లి ఫోటోలున్నయి. కెమెరా కార్డులు అప్పటికే చెరిపేసి వేరే పెండ్లికి వాడిండు. తెల్లారి నేను పోయేసరికి బావ అన్నం తినక, మాట్లాడక గోడకు ఆనుకొని కూసున్నడు. అచ్చం ఇప్పుడు నీ లెక్కనే. హార్డ్‌డిస్క్ కింది బోర్డు మీద చిన్న డయోడ్లుంటయి, వోల్టేజి మీదికొస్తే అవి షార్టయి మిగతాదాన్ని కాపాడుతయి. మీటర్ పెట్టి వెతికి, షార్టయిన డయోడ్ తీసేస్తే ఒక డిస్క్ తిరిగింది. వెంటనే ఫోటోలన్నీ వేరే దాంట్లకు ఎక్కించినం. రెండోది ఏం చేసినా తిరగలే. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు దొరికినయి. అప్పగింతలు, బారాత్ పోయినయి. బావ మిల్లుకాడికి పోయి ఉన్నదున్నట్టు చెప్పి పైసలు వాపస్ ఇచ్చిండు. పెండ్లిపిల్ల తల్లి, "పైసలు నేనేం చేసుకోను, నా బిడ్డ నన్ను పట్టుకొని ఏడ్చింది గదా, అది కావాలె" అన్నదట. గా తర్వాత బావ వైరు ముట్టుకున్నది నేను చూడలే. కేబుళ్లు మాత్రం పారేయలే, సంచిల కట్టి అటక మీద పెట్టిండు. నువ్వు విప్పినవి అవే.

ఫ్యాన్లు తిరుగుతున్నయంటే ఆశున్నది. 12 వోల్టుల తీగె, గ్రౌండ్ (కరెంటు వాపస్ పోయే తీగె) తలకిందులైతే మంచి ఎస్‌ఎంపీఎస్ షార్ట్ పసిగట్టి అసలు లేవనే లేవదు. నీ ఎస్‌ఎంపీఎస్ డబ్బాల వచ్చిన కేబుళ్లే వాడు. 8 పిన్నులవి రెండు రకాలు వస్తయి. 4, 4గ విడిపోయేది ప్రాసెసర్‌ది; 6, 2గ విడిపోయేది కార్డుది. ఒకదాంట్ల 12 వోల్టులున్న దిక్కు ఇంకోదాంట్ల గ్రౌండ్ ఉంటది. దూరకపోతే గుద్దకు. మదర్‌బోర్డు మీద కార్డు కూసునే స్లాట్ నుంచి కార్డుకు దొరికేది 75 వాట్లు, ఒక్కో 8 పిన్నుల కేబుల్‌తోని 150. కార్డుకు రెండు బొక్కలుంటే రెండు వేరువేరు కేబుళ్లు పెట్టు.

ఇగ చిన్నవి. అక్కతోని ప్రాసెసర్ డబ్బా మీది పేరు చదివించిన, చివర్ల ‘ఎఫ్’ ఉన్నది. అంటే దాంట్ల గ్రాఫిక్స్ లేదు. టీవీ కేబుల్ మదర్‌బోర్డు పోర్టుకు పెట్టినవా, జన్మల బొమ్మ రాదు. కింద అడ్డంగ ఉండే కార్డు పోర్టుకు పెట్టాలె. టీవీ రిమోట్ల సరైన హెచ్‌డీఎంఐ ఎంచుకున్నవో లేదో చూడు. కార్డు తీసి, క్లిప్పు టక్కుమనేదాక మల్ల కూసోబెట్టు. డబ్బా వెనక స్క్రూ గట్టిగ బిగిస్తే కార్డు ఒక దిక్కు లేస్తది, అది గూడ చూసుకో. ర్యామ్ ఒక్కటే పెట్టి చూడు. అది డీడీఆర్5 రకం ర్యామ్ అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు తెర నల్లగనే ఉంటది, ఆగమాగమై ఆపకు. కార్డు ఫ్యాన్లు ఆగి ఉన్నయని భయపడకు, పని లేనప్పుడు చాలా కార్డులు ఆపుకుంటయి. బోర్డు మీద వీజీఏ అని రాసినకాడ లైటు వెలుగుతనే ఉందా చూసి నాకు చెప్పు.

హాల్ల టీవీకే కలిపినవని విన్న. గా టీవీకి డిష్ డబ్బా వైరున్నది. మీ ఇంట్ల ఎర్తింగ్ గుంత తవ్వించింది తాత, ఎండకాలం దాంట్ల నీళ్లు పోసి ఎన్నేండ్లయిందో. మన నేల ఎండితే ఎర్త్ పనిచేయదు. ఎర్త్ లేకపోతే ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్ నుంచి వచ్చే కరెంటు కంప్యూటర్ డబ్బా మీదనే నిలుస్తది, ముట్టుకుంటే జుమ్మంటది. గా టైంల హెచ్‌డీఎంఐ గుచ్చితే ఆ కరెంటు టీవీ, డిష్ వైరు దిక్కు పారి చిన్న మెరుపు వచ్చి కార్డు పోర్టు పోవచ్చు. రెండూ ఆపి, గోడకెల్లి పీకి, అప్పుడు కేబుల్ పెట్టు. కరెంటాయనను పిలిచి ఎర్తు, న్యూట్రల్ రెండూ చూపియ్యి. నువ్వు చెయ్యి పెట్టకు. నాట్ల సీజన్ల మోటార్లన్నీ ఒక్కసారి నడుస్తయి, వోల్టేజి ఎట్ల ఆడుతదో నీకు నేను చెప్పాల్నా? న్యూట్రల్ గిట్ల తెగితే ఇంట్లకు 400 దాక వస్తది. నా భయమంతా దాని మీదనే. కార్డు పోతే మల్ల కొనొచ్చు బిడ్డా.

గివన్నీ చేసినా బొమ్మ రాకపోతే, బోర్డు మీది చిన్న సెల్లు తీసి కొద్దిసేపాగి మల్ల పెట్టి చూడు. అప్పటికీ రాకపోతే కార్డు మాత్రమే తీసుకొని బస్సెక్కు. గడియారం సెంటర్ కాడ దిగి ఫోన్ చెయ్, మా షాపుల వేరే మిషన్ల పెట్టి చూద్దాం. కార్డు వచ్చిన డబ్బా, బిల్లు పారేయకు. స్టిక్కర్ పీకితే వారంటీకి కొర్రీలు పెడతరు. అక్క పెట్టిన బువ్వ తిని బయల్దేరు. ఇంకోటి, ఈ ఉత్తరం బావ కంట పడనియ్యకు.

మీ మామ