కథకు కీలకమైన పాత్రను ఆటగాడు చంపగలగాలా?

రోల్ ప్లేయింగ్ గేముల్లో, అంటే మనమే ఒక పాత్రగా మారి ఆడే వీడియో గేముల్లో, ఆ వీలు ఉండాలనే నేనంటాను, కాకపోతే ఏం పోగొట్టుకున్నామో ఆట చెప్పాలి.

2002లో వచ్చిన మారోవిండ్ చూడండి. అలాంటి పాత్రను చంపితే జోస్యపు దారం తెగిపోయిందనీ, ముందు సేవ్ చేసుకున్న చోటికి వెళ్లమనీ, లేదంటే ఈ చెడిన లోకంలోనే కొనసాగమనీ ఒక సందేశం వస్తుంది. అంతే, చెయ్యి పట్టుకుని ఆపదు. కథ ముగించడానికి కావలసిన రైత్‌గార్డ్ అనే చేతితొడుగును మామూలుగా మనకిచ్చే వివెక్ అనే దేవుడిని చంపేసినా, యాగ్రమ్ బగార్న్ అనే మరో పాత్ర సాయంతో దాన్ని పనిచేయించి కథ పూర్తిచేసే దొడ్డిదారి ఉంది. అది సొంతంగా కనిపెడితే కలిగే ఆనందం మామూలుది కాదు!

2006 నాటి ఆబ్లివియన్‌లో కీలక పాత్రలు దెబ్బకి స్పృహ తప్పి, కాసేపటికి లేచి నిలబడతాయి. అక్కడి పాత్రలు తమ పనుల మీద తిరుగుతుంటాయి. ఈ రక్షణ లేకపోతే, దారిలో ఏ తోడేలో వాటిని చంపేసి, మన తప్పేమీ లేకుండానే కథ ఆగిపోతుంది. కారణం సబబే. అయితే ఆ రక్షణ తోడేలు నుంచి ఉంటే చాలు, మన కత్తి నుంచి అక్కర్లేదు.