అమెరికాలో అయిన విడాకుల డిక్రీ కాపీ ఇండియాలో ఉండి ఎలా తెప్పించుకోవాలి?

మీ అక్కకు 2011లో టెక్సస్‌లో విడాకులయ్యాయి, కాగితాలు ఇల్లు మారినప్పుడు పోయాయి, ఇప్పుడు హైదరాబాద్‌లో మళ్ళీ పెళ్ళి కుదిరితే రిజిస్ట్రార్ ఆఫీసులో డిక్రీ అడిగారు, ఎవరో వెబ్‌సైటువాళ్ళు డబ్బు కడితే రెండు రోజుల్లో పంపిస్తామంటున్నారు, కట్టొచ్చా అని కదా అడిగారు. కట్టకండి. వాళ్ళు పంపేది కోర్టు కాపీ కాదు. ఎవరికీ ఎవరికీ, ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది), ఏ తేదీన విడాకులయ్యాయో రాసిన ఒక ప్రింటు పంపిస్తారు. దాని మీద సీలుండదు, జడ్జి సంతకముండదు. అది పట్టుకుని రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్తే మళ్ళీ మొదటికే వస్తారు.

నాదీ టెక్సస్ విడాకులే, 2013లో. అప్పట్లో మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండేవాళ్ళం. తీర్పు వచ్చిన రోజు లాయరు ఈమెయిల్లో ఒక పీడీఎఫ్ పంపించాడు. దాన్ని ఒక్కసారి కూడా పూర్తిగా చదవలేదు. అందులో మాజీ భర్త పేరు కనబడితేనే కడుపులో తిప్పేది. ఎక్కడో ఒక ఫోల్డర్లో పడేశాను.

2019లో గుంటూరులో నా రెండో పెళ్ళి స్పెషల్ మ్యారేజ్ యాక్టు కింద అనుకున్నాం. దానికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నాన్న నోటీసు సంగతి కనుక్కుందామని రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి, బయటికి రాగానే ఫోన్ చేశారు. "అమ్మా, నువ్వు పంపిన కాగితం ఒట్టి జిరాక్స్ అంటున్నారు. కోర్టు ముద్ర ఉన్నది కావాలట, దాని మీద అపోస్టిల్ కూడా ఉండాలట." అపోస్టిల్ అంటే ఒక దేశపు కాగితం అసలైనదేనని ఇంకో దేశం నమ్మడానికి వేసే ధృవీకరణ. నాన్న గొంతులో ఆ బెరుకు నాకిప్పటికీ గుర్తే. డెబ్బై ఏళ్ళ మనిషి, కూతురి విడాకుల కాగితం పట్టుకుని ఒక ఆఫీసు వరండాలో నిలబడ్డారు.

లాయరుకి ఫోన్ చేస్తే ప్రాక్టీసు మూసేశాడు. సెలవు పెట్టి నేనే బయల్దేరాను. మొదట కౌంటీ క్లర్కు ఆఫీసుకి వెళ్ళాను. అందరూ చేసే తప్పే అది. టెక్సస్‌లో కౌంటీ క్లర్కు దగ్గర పెళ్ళి లైసెన్సులు, స్థలాల దస్తావేజులు ఉంటాయి. విడాకుల కేసులు నడిచేది డిస్ట్రిక్ట్ కోర్టులో కాబట్టి ఆ ఫైళ్ళు డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర ఉంటాయి. బాగా చిన్న కౌంటీల్లో ఇద్దరి పనీ ఒకరే చూస్తారు, డాలస్ చుట్టుపక్కల అలా కాదు. ఇంకో సంగతి, ఫ్రిస్కో ఒకే ఊరైనా కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంటుంది. ఊరి పేరు చెప్తే చాలదు, కేసు వేసింది ఏ కౌంటీలోనో తెలియాలి. మీ అక్కని అప్పటి ఇంటి అడ్రసు అడగండి, పిన్‌కోడుతో సహా.

డిస్ట్రిక్ట్ క్లర్కు ఆఫీసు కౌంటర్లో ఒక కుర్రాడున్నాడు. కాజ్ నంబర్ ఉందా అన్నాడు. కేసు నంబరుని అక్కడ అలాగే అంటారు. లేదన్నాను. పేరడిగి కొట్టాడు. లేదు. స్పెల్లింగు మార్చి కొట్టాడు. లేదు. అవతలి మనిషి పేరు చెప్పమన్నాడు. మా మాజీ ఇంటిపేరులో ఒక 'ఊ' ఉంది. దాన్ని రెండు 'ఓ'లతో రాయాలా, ఒక్క 'యు'తో రాయాలా అన్నది ఆయన కాగితాల్లోనే ఒక్కోచోట ఒక్కోలా ఉండేది. రెండు రకాలుగానూ చూశాడు. లేదు. "మీ విడాకులు ఈ కౌంటీలోనే అయ్యాయా?" అని మెల్లగా అడిగాడు. అప్పుడు నా కాళ్ళు వణికాయి. కోర్టు మెట్లెక్కింది నేను, జడ్జి ముందు చెయ్యెత్తి ప్రమాణం చేసింది నేను, అయినా అక్కడ నా పేరే లేదు.

వెనక టేబుల్ దగ్గరున్న పెద్దావిడ, తెల్లజుట్టు, మెళ్ళో తాడుకి కళ్ళజోడు, లేచి వచ్చింది. "నువ్వీ దేశానికి వచ్చినప్పుడు నీ పేరెలా ఉండేది?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకి ఆవిడకి చేతులెత్తి మొక్కాలి.

నా మొదటి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. ఇంటిపేరూ పేరూ కలిపి గివెన్ నేమ్ గడిలో రాశారు. మన వైపు చాలామందికి ఇలాగే జరిగింది, ఏజెంటు ఫారం నింపితే మనం సంతకం పెట్టేవాళ్ళం. అలా ఉంటే అమెరికా వీసాలో ఆ మొత్తాన్నీ ఇంటిపేరు చేసేసి, మొదటి పేరు దగ్గర ఎఫ్ఎన్‌యు అని వేస్తారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్. పేరు తెలియదని అర్థం. నేను హెచ్4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసాని బట్టి భార్యకిచ్చే వీసా మీద, వచ్చింది ఆ పేరుతోనే. లాయరు వీసా చూసి కేసులో అదే ఎక్కించాడు. తర్వాత నేను పాస్‌పోర్టు సరిచేయించుకున్నాను, కోర్టు రికార్డు మాత్రం పాత పేరు మీదే ఉండిపోయింది.

ఆవిడ మొదటి పేరు గడిలో ఎఫ్ఎన్‌యు అని కొట్టింది. స్క్రీన్ నిండా వచ్చాయి. వరసగా ఎఫ్ఎన్‌యు, ఎఫ్ఎన్‌యు, ఎఫ్ఎన్‌యు. ఆవిడ వేలు పెట్టి ఒక్కొక్కటీ కిందికి చూసుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. "ఇన్ ద మ్యాటర్ ఆఫ్ ద మ్యారేజ్ ఆఫ్" అని మొదలై, నా పేరు, మా ఆయనగా ఒకప్పుడున్న మనిషి పేరు. ఆ కౌంటర్ దగ్గరే ఏడ్చేశాను. ఆవిడ టిష్యూ పెట్టె ఇటు జరిపి, "ఎన్ని కాపీలు?" అంది.

మూడు తీసుకున్నాను, మీరూ మూడు తీసుకోండి. పేజీకి డాలరు, నాది 23 పేజీలు, సర్టిఫికేషన్ ఖర్చు కలిపినా ఒక్కో కాపీకి ముప్పై డాలర్లు కాలేదు. కొందరు డబ్బు మిగులుతుందని మొదటి పేజీ, జడ్జి సంతకమున్న పేజీ మాత్రం తెచ్చుకుంటారు. ఆ పొరపాటు చెయ్యొద్దు. ఇద్దరూ ఒప్పుకుని తీసుకున్న విడాకులైతే, చివర్లో ఇద్దరి సంతకాలున్న పేజీ ఉంటుంది. ఇండియాలో మిమ్మల్ని కాపాడేది ఆ పేజీ.

ఎందుకో చెప్తాను. తిరుపతిలో పెళ్ళయిన ఒకాయన అమెరికా వెళ్ళి, మిస్సోరీ రాష్ట్రం సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో 1980లో విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. అది సుప్రీం కోర్టు దాకా వెళ్తే 1991లో ఆ విడాకులు ఇక్కడ చెల్లవన్నారు. ఆ కేసులో పెట్టిన డిక్రీ ఫొటోస్టాట్ సాక్ష్యంగా పనికిరాదని కూడా తేల్చారు. అదే తీర్పులో, భార్యాభర్తలిద్దరూ ఇష్టపడి ఆ కోర్టుకి వెళ్ళి విడాకులకి ఒప్పుకుంటే చెల్లుతుందని దారి కూడా చూపించారు. మీ అక్కావాళ్ళు ఇద్దరూ ఒప్పుకున్నారా, ఒకరు రాకుండానే తీర్పిచ్చారా అన్నది డిక్రీ చదివితేనే తెలుస్తుంది. రెండోదైతే కాపీ ఒక్కటే సరిపోదు, పెళ్ళి ముహూర్తం పెట్టుకునే ముందే ఇక్కడ మంచి ఫ్యామిలీ లాయర్ని కలవండి.

ఆ తర్వాత అపోస్టిల్. దాన్ని ఒప్పుకునే దేశాల ఒప్పందంలో ఇండియా 2005 నుంచి ఉంది. టెక్సస్ డిక్రీకి రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు వేస్తుంది, డాక్యుమెంటుకి 15 డాలర్లు, పోస్టులో పంపినా చేస్తారు. కాపీ మూలకున్న పిన్ను మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. అపోస్టిల్ చేయించి ఒక కాపీ గుంటూరు పంపితే, జిరాక్స్ షాపులో కుర్రాడు మిషన్లో సాఫీగా పోవడానికి చక్కగా పిన్ను ఊడబీకి, జిరాక్సులు తీసి, మళ్ళీ కొత్త పిన్ను కొట్టి ఇచ్చాడు. మూలన పాత బెజ్జాలు కనబడుతుంటే ఆఫీసులో పేజీలు మార్చారేమోనని పక్కన పెట్టేశారు. రెండో కాపీకి కూడా అపోస్టిల్ చేయించి ఉంచాను కాబట్టి పెళ్ళి ఆగలేదు.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. పెళ్ళిళ్ళ మధ్యవర్తులు "డైవర్స్ పేపర్లు వాట్సాప్ చెయ్యండి" అని ఎంత తేలిగ్గా అడుగుతారో! ఆ డిక్రీలో బ్యాంకు ఖాతాల పంపకం ఉంటుంది, పిల్లలుంటే వాళ్ళ పేర్లుంటాయి, సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి అంకెలుంటాయి. నా పీడీఎఫ్ ఒక మధ్యవర్తి ఫోన్లోంచి మా మేనత్త ఫోన్‌కి చేరింది. అవతలివాళ్ళు నమ్మకంగా ఉండి సంబంధం ముందుకెళ్తే, ఎదురుగా కూర్చోబెట్టి కాగితం చూపించండి. ఫోన్లలో మాత్రం పంపకండి. విడాకులైన ఆడపిల్ల అంటే ఆవిడ కాగితాలు ఊరందరివీ అన్నట్టు ప్రవర్తిస్తారు, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మీ అక్క స్వయంగా వెళ్ళక్కర్లేదు. టెక్సస్‌లో విడాకుల డిక్రీ, కోర్టు రహస్యంగా ఉంచమన్న కేసైతే తప్ప, పబ్లిక్ రికార్డే, పోస్టులో అడగొచ్చు, అక్కడున్న స్నేహితులెవరైనా వెళ్ళి తీసుకోవచ్చు. న్యూయార్క్‌లో ఇలా కుదరదు, అక్కడ విడాకుల ఫైలు వందేళ్ళ దాకా భార్యాభర్తలకీ వాళ్ళ లాయర్లకీ తప్ప ఇవ్వరు. ఆస్టిన్‌లోని రాష్ట్ర ఆరోగ్య శాఖవాళ్ళు కూడా 1968 నుంచి అయిన విడాకులకి ఒక ధృవీకరణ లేఖ ఇస్తారు, దాన్ని డిక్రీ అనుకుని డబ్బు కట్టకండి. ఏ కౌంటీయో గుర్తులేకపోతే మాత్రం ఆ లేఖ దారి చూపిస్తుంది.

ముందు మీ అక్క పాత పాస్‌పోర్టు, అమెరికా వీసా స్టాంపు ఉన్నది, బయటికి తీయించండి. అందులో పేరు ఏ గడిలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి, బావగారిగా ఉన్నాయన పేరుకి తెలిసిన స్పెల్లింగులన్నీ రాసుకోండి. డిస్ట్రిక్ట్ క్లర్కుకి ఫోన్ చేసేది ఆ కాగితం చేతిలో పెట్టుకున్నాకే.