డల్లాస్‌కి పదహారు గంటలేనా? మా అత్తగారి శనివారం కథ

గుంటూరు నుంచి డల్లాస్ 14,500 కిలోమీటర్లు, విమానం గంటకి 900 పోతుంది కాబట్టి మా అమ్మకి 16 గంటలు పడుతుందా, మరి టికెట్‌లో 12 గంటలే కనబడుతోందేంటి అని ఒకరు అడిగారు. రెండూ కాదండీ. ఇంటి నుంచి ఇంటికి ఒకటిన్నర రోజు పైనే వేసుకోండి.

ఆ 14,500 గ్లోబు మీద దారం పెట్టి లాగితే వచ్చే దూరం. మనం 80 డిగ్రీల తూర్పున ఉంటే డల్లాస్ 97 పడమరన, అంటే భూమికి దాదాపు అవతలి పక్క. దారం ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. గన్నవరం నుంచి అలా పోయే విమానం లేదుగా! 2023 జూన్‌లో మా అత్తగారిని బెజవాడ నుంచి నేనే తీసుకెళ్లాను. శంషాబాద్ దాకా కారు, అక్కణ్ణుంచి దోహా సుమారు 2,900 కిలోమీటర్లు, ఆపైన డల్లాస్‌కి ఇంకో 12,700.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి బయల్దేరి, సూర్యాపేటలో టీ తాగి, ఎనిమిదిన్నరకి శంషాబాద్ చేరాం. విమానం శనివారం తెల్లవారుజామున 4కి. దోహాకి నాలుగుంపావు గంటలు, అక్కడ రెండుంపావు ఆగడం, తర్వాత పదహారు. తీరా దిగితే అక్కడ అదే శనివారం సాయంత్రం 4! టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. వేసవిలో డల్లాస్ మనకి పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. టికెట్‌లో కనబడే ఆ 12కి వేసవి తేడా పదిన్నర కలిపితే అసలు ప్రయాణం 22న్నర గంటలు.

మా అత్తగారికి శనివారం ఒక్కపొద్దు. పొద్దుగూకితే గానీ టిఫిను ముట్టరు. దోహా చేరేలోపే తెల్లారింది, ఇక ఆ ఎండ పోతేనా! సూర్యుడితో పాటే పడమరకి పోతున్నాం, పైగా జూన్ నెల. "బెజవాడలో ఏడైందండీ, అక్కడ చీకటి పడింది, తినండి" అన్నాను. "కిటికీలో సూర్యుణ్ణి పెట్టుకుని బెజవాడ లెక్క చెబుతావేంటమ్మా" అన్నారు. పాలు, అరటిపండుతో సరిపెట్టి, డల్లాస్‌లో రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఉప్మా తిన్నారు.

అందుకే చెబుతున్నా, అమ్మగారి చేతి వాచీ మన టైములోనే ఉంచండి. బీపీ, షుగర్ మాత్రలుంటే ఏ గంటకి వేసుకోవాలో డాక్టరుగారినే అడిగి కాగితం మీద రాయించండి. వీల్‌చైర్ టికెట్‌తోనే అడగండి, నడవగలిగినా సరే. ఒంటరిగా వెళ్లేవాళ్లకి గేటు దాకా మనిషి తోడు వస్తాడు.

ఇమిగ్రేషన్, సామాన్లు, ఇంటికి కారు కలిపి ఇంకో రెండు గంటలైంది. మొత్తం 38న్నర, అందులో గాల్లో ఉన్నది 20 పైచిలుకు. తిరుగు ప్రయాణంలో వెనకనుంచి గాలి తోస్తుంది కాబట్టి దోహాకి పద్నాలుగున్నర గంటలే పట్టింది. కానీ శనివారం సాయంత్రం ఎక్కి సోమవారం తెల్లవారుజామున దిగాం, ఆదివారం ఎటుపోయిందో అని ఆవిడ ఇప్పటికీ అడుగుతారు.